క్రేను కేబిన్ ఎంత ఎత్తులో ఉండాలి?

నా ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో సొంత బుర్రతో నేను తయారు చేయించిన వస్తువు ఒక్కటే. అది నేను అనుకున్నట్టే పనిచేసింది. దాంతో అక్కడి పని చెడిపోయింది.

ఇప్పుడు రేవుల్లోనూ, ఇనప తుక్కు యార్డుల్లోనూ పనిచేసే యంత్రాలకి ఆపరేటరు కూర్చునే కేబిన్ మీట నొక్కితే పైకి లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. లోపల చల్లగా కూడా ఉంటుందని విన్నాను. అది ఎంత ఎత్తు లేస్తుందో యంత్రంతో పాటు వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. ఎంత ఎత్తులో ఉంచాలో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. కుర్ర ఇంజినీర్లయిన మీకు ఆ సంగతి చెప్పే అర్హత నాకుంది. దాన్ని తెలుసుకునే దారిలో నేను ఒక మంచి పనివాడి ఉద్యోగం ఊడగొట్టినంత పని చేశాను.

అరవైల చివరి మాట. విజయనగరం నుంచి రాయగడ వెళ్ళే రైలుదారిలో, గజపతినగరం దాటాక, మాంగనీసు రాయిని రైలుకెక్కించే సైడింగు, అంటే పక్కపట్టాల చోటు, ఒకటి ఉండేది. గనుల నుంచి లారీల్లో వచ్చిన రాయిని పట్టాల పక్కన గుట్టలుగా పోసేవారు. ఆ గుట్టల్లోంచి ఒక పాత క్రేను రాయిని పిడికిట పట్టి రైలు డబ్బాల్లోకి పోసేది. క్రేను తాడుకి వేలాడే ఆ ఇనప పిడికిలి రెండు దవడలతో తెరుచుకుని మూసుకునేది. అందరూ దాన్ని ‘పీత’ అనేవారు. ఆ పేరు పెట్టింది ఎవరోగానీ, దాన్ని తయారుచేసిన దేశంవాళ్ళకి కూడా అంత మంచి పేరు తోచి ఉండదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పచ్చటి వరి. మా చోటు మాత్రం నల్లటి దుమ్ము. ఉదయం తెల్లచొక్కా వేసుకుని వెళితే మధ్యాహ్నానికి దాని రంగు మీద అభిప్రాయభేదాలు వచ్చేవి.

నేను అక్కడ అసిస్టెంటు ఇంజినీర్ని. కాలేజీ నుంచి వచ్చి ఎనిమిది నెలలు. ప్రొబేషను ఇంకా నడుస్తోంది. అంటే, నన్ను పంపించేయడానికి ఎవరూ పెద్దగా కారణాలు వెతుక్కోనక్కర్లేని కాలం.

క్రేను ఆపరేటరుకి నలభై అయిదేళ్ళుంటాయి. కోటబొమ్మాళి అవతల సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాడు. చిన్నప్పుడు వలలు, తరవాత ఏదో రేవులో క్రేనులు, ఆ తరవాత మా సైడింగు. నేను ఆయన్ని ‘నువ్వు’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘బాబూ’ అనేవాడు. అప్పటి లెక్క అది. ఇప్పుడు రాస్తున్నప్పుడైనా ‘ఆయన’ అంటాను.

ఆయన పని చూసిన మొదటిరోజే నాకు ఒక అనుమానం పట్టుకుంది. కేబిన్ కిందుగా ఉండేది. రైల్వేవాళ్ళు అప్పుడే కొత్తరకం డబ్బాలు పంపడం మొదలుపెట్టారు, గోడలు బాగా ఎత్తు. కేబిన్లో కూర్చుంటే డబ్బా బయటి గోడ తప్ప లోపల ఏముందో కనపడదు. అయినా ఆయన పీతని గాలిలో తిప్పి, డబ్బాలో సరిగ్గా ఖాళీ ఉన్న మూలకి దించి, గోడకి గీత పడకుండా పోసేవాడు. రోజంతా అలాగే.

గుట్టు ఏమిటంటే, పక్క డబ్బా గోడ మీద ఒక కలాసీ నిలబడేవాడు. ఆయన ఈయనకి బావ, అక్క మొగుడు, అదే ఊరివాడు. ఇంజిను హోరులో మాట వినపడదు కాబట్టి ఎర్ర తువ్వాలుతో సైగలు చేసేవాడు. తువ్వాలు ఎడమకి ఊగితే పీత ఎడమకి, కుడికి ఊగితే కుడికి. ఎత్తి పట్టుకుంటే ఆగాలి. మెల్లగా దించితే దిగాలి. ఆపరేటరు చూసేది ఆ తువ్వాలునే.

కాలేజీ చదువు మంచిదే. కానీ ఏ రోగమూ లేనివాణ్ణి చూసినా మందు పొయ్యాలనిపిస్తుంది. చూడకుండా పని చేస్తున్నాడు కదా, చూసి చేస్తే ఇంకెంత బాగా చేస్తాడో అనుకున్నాను. కాలేజీ లైబ్రరీలో ఒక విదేశీ పత్రికలో పైకి లేచే కేబిన్ బొమ్మ చూసిన గుర్తు. మన క్రేనుకీ అలాంటిది పెడితే అని కాగితాల మీద గీసి మేనేజరుగారికి చూపించాను.

మా మేనేజరుగారు చెడ్డవారు కాదు. ఏదైనా కాగితం మీద ఉంటే వెంటనే నమ్మేవారు. కళ్ళెదురుగా ఉంటే మాత్రం రెండు రోజులు ఆలోచించేవారు. నాది కాగితం మీద ఉంది. వెంటనే పైవాళ్ళకి రాసేశారు.

అదే బొమ్మ వర్క్‌షాపు మేస్త్రీకి చూపించాను. ఆయన విజయనగరం మనిషి, నా వయసుకి రెట్టింపు అనుభవం. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బొమ్మ బాగున్నాది బాబూ. మరి మీటల మాటేటి?”

“మీటలకేం?”

“మీటలు గదిలో ఉన్నాయి. ఆటి కడ్డీలు కిందనున్న ఇంజినుకి కట్టున్నాయి. గది పైకెల్లిపోతే కడ్డీలు ఏటౌతాయి? ఇంజిన్ని కూడా సంకనెత్తుకుని ఎల్తాయేటి?”

యంత్రాల కదలికల సబ్జెక్టులో నాకు ఫస్టుక్లాసు. ఆ సంగతి ఆయనకి చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

నాలుగు రోజులు తల గోక్కుని మేస్త్రీయే దారి కనిపెట్టాడు. ప్రతి కడ్డీనీ గొట్టంలో గొట్టంగా చేసి, సాగేటట్టు పెట్టి, అయిదు చోట్ల చిల్లులు పొడిచాడు. కేబిన్ని రెండు పాత మరజాకీలతో లేపి, ఏ చిల్లు కావాలంటే ఆ చిల్లులో మేకు దిగ్గొడితే అక్కడ నిలబడుతుంది. ఒకటో చిల్లు అంటే పాత ఎత్తు. అయిదో చిల్లు అంటే అంతకి అయిదడుగులు పైన. అక్కణ్ణుంచి డబ్బా అడుగు కూడా కనపడుతుంది. మేనేజరుగారు పైకి రాసిన కాగితంలో ఉన్నది అయిదో చిల్లే.

మొదటిసారి కేబిన్ని లేపిన రోజు అందరూ చుట్టూ చేరారు. కలాసీ డబ్బా గోడ మీంచి అరిచాడు:

“ఒరే బామ్మర్దీ! బాబు నీకు మేడ కట్టించీసినార్రా! మీ అప్పతోటి అనకు, నాకెప్పుడు కట్టిస్తావని నా పీక మీద కూకుంటాది!”

నేను కిందనుంచి ఆపరేటర్ని అడిగాను. “ఎలా ఉంది?”

“గాలి బాగొస్తంది బాబూ” అన్నాడాయన. పని బాగుంటుందని మాత్రం అనలేదు.

వారంరోజుల్లో పని పాడయింది. పీత డబ్బా మీదకి వెళ్ళి, అక్కడ దిక్కు తోచనట్టు వేలాడుతూ ఉండిపోయేది. తరవాత హఠాత్తుగా దిగేది. గోడలకి సొట్టలు పడ్డాయి. ఒకసారి పిడికెడు రాయి, అంటే మన లెక్కలో ఓ ఎడ్లబండెడు, డబ్బాలో కాకుండా పట్టాల మీద పడింది. నేను నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఏ చిల్లులో ఎన్ని పొరపాట్లు? ఒకటీ రెండూ చిల్లుల్లో ఏమీ లేవు. మూడులో అప్పుడప్పుడు. నాలుగూ అయిదుల్లో లెక్కపెట్టడం విసుగనిపించేటన్ని. ఆయనకి బాగా కనపడేకొద్దీ పని చెడుతోంది. ఇంత చక్కటి చిక్కు నాకు పరీక్షల్లో కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఆపరేటర్ని అడిగాను. “పైనుంచి నీకు లోపల కనపడుతోందా?”

“కనపడతంది బాబూ.”

“మరి?”

ఆయన చేతులకేసి చూసుకున్నాడు. “కనపడతంది గానీ, తెలీటం నేదు.”

ఆ మర్నాడు జరగకూడనిది జరగబోయింది. పీత కలాసీ నిలబడ్డ వైపే ఊగింది. అది మీదకి వస్తుంటే ఆయన గోడ మీంచి రాయిలోకి దూకేశాడు. కాలి మడమ బెణికింది. అంతటితో పోయింది. బావని చూసి ఆపరేటరు కేబిన్లోంచి దిగి, పట్టాల పక్కన కూలబడి, ఆపూట మళ్ళీ మీట ముట్టుకోలేదు.

“ఆగమని సైగ ఎందుకు చెయ్యలేదు?” అని కలాసీని అడిగాను.

“ఏటో బాబూ. సెయ్యి లెగనేదు” అన్నాడు. భయంతో అయి ఉంటుందనుకున్నాను.

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. ఎత్తునుంచి కిందికి చూసేటప్పుడు ఆపరేటరు చూపు ఆనడం లేదనీ, దృష్టిలోపం ఉన్నట్టుందనీ, కంటి పరీక్ష అవసరమనీ. మొత్తం అయిదు వాక్యాలు, ఇంగ్లీషులో. వాటిలో ఒక్క వ్యాకరణదోషం లేదు. కేబిన్లో ఏ లోపమూ లేదన్న వాక్యం వాటిలో నాకు బాగా నచ్చింది.

మేనేజరుగారు చదివి వెంటనే నమ్మారు. ఆపరేటర్ని పనిలోంచి ఆపేశారు. విజయనగరం ఆసుపత్రిలో కన్ను చూపించుకుని రావాలి. వచ్చే బుధవారం తామే వచ్చి అయిదో చిల్లులో పని చూస్తారు. అందులో తప్పితే విశాఖపట్నం నుంచి ఇంకో ఆపరేటరు వస్తాడు. ఈయన ఇంటికి పోవచ్చు. ఆపరేటరు ఆసుపత్రికి రాసిచ్చే కాగితం కోసం కూడా ఆగలేదు. ఇంటికే వెళ్ళిపోయాడు. మడమకి కట్టుతో బావ కూడా వెనకాలే.

మేస్త్రీ నాతో పెద్దగా గొడవ పెట్టుకోలేదు. రిపోర్టు సంగతి విని, “ఆడికి కళ్ళు ఆనవా?” అన్నాడు. “ఆ మలుపుకాడ పొగ సూసి గూడ్సో పాసింజరో సెప్పీవోడికి?” అని పనిలోకి వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే బాగుండేది.

నన్ను పీకుతున్నది ఇంకొకటి. ‘కనపడతంది గానీ తెలీటం నేదు.’ కళ్ళు ఆనని మనిషి అనే మాట కాదది. ఆ శనివారం ఆసుపత్రి కాగితం జేబులో పెట్టుకుని బస్సెక్కాను. రాత్రికి నరసన్నపేటలో స్నేహితుడింట్లో పడుకుని, తెల్లవారి కోటబొమ్మాళిలో అద్దెసైకిలు తీసుకుని సముద్రం వైపు తొక్కాను. పోస్టులో పంపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మేస్త్రీ కూడా అడిగాడు.

నేను చేరేసరికి ఒడ్డున ఊరంతా ఉంది. ఒడ్డు నుంచి లాగే పెద్దవల అది. వల తాడు ఒక కొస ఒడ్డునే మనుషులు పట్టుకుని ఉంటారు. పడవ మిగతా వలని దించుకుంటూ చేపల మంద చుట్టూ తిరిగి, రెండో కొసని తెచ్చి ఒడ్డుకి ఇస్తుంది. తరవాత రెండు కొసలూ అందరూ కలిసి లాగుతారు. కలాసీ కట్టుకట్టిన కాలు చాపుకుని తాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు.

“ఏటి బాబూ ఇలగొచ్చీసినారు? మా బామ్మర్దా? అదుగో, పడవలో.”

ఎండ సముద్రం మీద మెరుస్తోంది. నాకు పడవ చుక్కలా కనపడింది. అందులో మనుషులున్నారని నమ్మకం మీద ఒప్పుకోవాలి. ఇంకాస్త బాగా చూద్దామని వెనకనున్న ఇసకదిబ్బ ఎక్కాను. దాని నడుములో ఒక ముసలాయన చేతిలో గుడ్డతో నిలబడి ఉన్నాడు. ఆయన్ని దాటుకుని, పైదాకా ఎక్కి నిలబడ్డాను. సైకిలు తొక్కిన చెమట. జేబులోంచి తెల్ల రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాను. మెడ తుడుచుకున్నాను. ఇసక దులపడానికి రుమాల్ని గట్టిగా రెండుసార్లు విదిలించాను.

చుక్కలాంటి ఆ పడవ ఒక్కసారి దక్షిణానికి తిరిగింది.

ఒడ్డున కేకలు లేచాయి. పడవ మంద చుట్టూ తిరగడం మాని తిన్నగా వెళ్ళిపోతోంది. ముసలాయన చూస్తున్న నీటి నీడ, అంటే చేపల మంద, చెదిరిపోయిందని నాకు తరవాత చెప్పారు. అప్పుడు నాకు తెలిసింది, ఓ చేపల గంప పట్టుకున్నావిడ దిబ్బ మొదట్లో నిలబడి నన్ను చూస్తోందని మాత్రమే.

“ఎవుడ్రా ఆ తెల్లసొక్కా! ఊరంతా వొదిలీసి, సెమట తుడుసుకోడానికి నీకు దిబ్బ నెత్తే దొరికినాదేటి? కవళ్ళ సేపల మంద పోనాది! ఈయేల నువ్వొచ్చి వొండి పెడతావేటి మా ఇంట్లో?”

“నేను చెమట తుడుచుకున్నానంతే” అన్నాను. ఆ మాట ఎంత బలహీనంగా ఉందో అంటున్నప్పుడే తెలిసింది.

ముసలాయన మాత్రం తిట్టలేదు. గుడ్డ తలకి చుట్టుకుని ఇసకలో కూర్చున్నాడు. “పోనాది. ఇంకేటి” అన్నాడు.

“వాళ్ళు నా రుమాలు ఎలా చూశారు తాతా? ఇంత దూరం!”

“సూడకేటి. సూడ్డవే ఆల పని. గుడ్డ ఎటు ఊగితే అటు తిప్పాల. పడవలో ఉన్నోడు నీల్ల కేసి సూడకూడదు. సూస్తే ఆడి మనసుకి తోసిన కాడికి ఎల్తాడు. నీల్లు సూసీవోడు దిబ్బ మీద ఉంటాడు. ఒక్కడే ఉంటాడు.”

“మరి మీ చేతిలోనూ గుడ్డ ఉంది కదా. మీది చూడక నాది ఎందుకు చూశారు?”

“నువ్వు ఎత్తునున్నావు. ఎత్తునున్నోడి గుడ్డే గుడ్డ.”

నాకు ఇంకొకటి అడగాలనిపించింది. “నేను ఎక్కాక మీరు ఊపారా?”

ముసలాయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, తన చేతికేసి ఒకసారి చూసుకున్నాడు కూడా. “నేదు. నువ్వెక్కీసినాక ఏటోగానీ, సెయ్యి లెగనేదు.”

నేను ఇసకలో కూర్చుండిపోయాను. సరిగ్గా ఈ మాటే కలాసీ అన్నాడు, పీత మీదకి వచ్చిన రోజు. నాలుగో చిల్లులో బామ్మర్ది తల బావ తలకంటే పైకి వెళ్ళింది. పైనున్నవాడు చూసుకుంటాడని బావ చెయ్యి ఆగింది. బామ్మర్దేమో చిన్నప్పటినుంచి చూడకూడదని నేర్చుకున్నవాడు, తువ్వాలు కోసం చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరూ ఒకరి సైగ కోసం ఒకరు ఎదురుచూస్తుంటే మధ్యలో పీత వేలాడింది. అది వాళ్ళకే తెలియదు. తెలిస్తే చెప్పేవారు. ఒళ్ళు నేర్చుకున్నది నోటికి అందదు.

పడవ ఒడ్డుకి వచ్చింది. ఆపరేటరు తడిబట్టలతో దిగి నన్ను చూశాడు. రుమాలు నాదని ఆయనకి ఇంకా తెలియదు.

“కంటి కాగితం తెచ్చినారా బాబూ?”

“తెచ్చాను.”

“కన్ను బాగున్నాదంటే పనిస్తారా?”

“ఇస్తారు.”

“కన్ను బాగానే ఉన్నాది బాబూ. నాకు తెలుసు. అదే బయం.” ఆయన కలాసీకి వినపడకుండా గొంతు తగ్గించాడు. “కన్ను కాపోతే మరేటి పోనాది నాకు? బావని సంపీసీవోణ్ణే గదా. అందుకే, సేతిలో పని ఉన్నాదో నేదో సూసుకుందామని ఈయేల పడవెక్కినాను. ఇదీ సెడిపోనాది. గుడ్డ అటే ఊగినాది, నాను అటే తిప్పినాను. మరెందుకు పోనాదో...”

ఇరవై అయిదేళ్ళ పనితనం మీద ఆయన నమ్మకాన్ని నేను వారం రోజుల్లో రెండుసార్లు పోగొట్టాను. మొదటిసారి అయిదు వాక్యాలతో, రెండోసారి ఒక రుమాలుతో.

“ఆ గుడ్డ నాది” అన్నాను. “గుడ్డ ఎటు ఊగిందో నువ్వు సరిగ్గా అటే తిప్పావు. నీలో ఏదీ పోలేదు. పోయింది నా బుర్ర.”

ఆయన నన్ను, నా రుమాల్ని, దిబ్బని వరసగా చూశాడు. వెనకనుంచి కలాసీ పడీపడీ నవ్వడం మొదలెట్టాడు. “ఒరే, ఇంజినీరు బాబు సెమటకి వల తిప్పినావట్రా!” ఆపరేటరు నవ్వలేదు. కానీ ఒక పెద్ద ఊపిరి వదిలాడు. కంటి కాగితం నా జేబులోనే ఉండిపోయింది. ఆ పూట భోజనం వాళ్ళింట్లోనే. చేపల కూర లేకపోవడానికి కారణం ఎవరూ ఎత్తలేదు, ఆపరేటరు అక్క తప్ప. ఆవిడ మూడుసార్లు ఎత్తింది.

సోమవారం మేస్త్రీకి అంతా చెప్పాను.

“అయితే గదిని రెండో సిల్లుకి దించీయండి. సరిపోతాది” అన్నాడు.

“మేనేజరుగారు అయిదో చిల్లని పైకి రాసేశారు.”

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. “అయితే సిల్లు దించలేం. మనిసినే ఎత్తాల.”

మంగళవారం సాయంత్రానికి పట్టాల పక్కన నాలుగు సరుగుడు బాదులతో ఒక మంచె లేచింది. పొలాల్లో పిట్టల్ని తోలడానికి కట్టుకునేలాంటిదే, కాకపోతే ఇంకా ఎత్తు. అయిదో చిల్లులో కూర్చున్న తల కన్నా మూడడుగులు పైన. బుధవారం పొద్దున్నే కలాసీ కుంటుతూ నిచ్చెనెక్కి, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

మేనేజరుగారి జీపు వచ్చింది. దిగుతూనే పైకి చూశారు.

“అదేమిటి? పంటేదీ లేదే కాపలాకి?”

నేను చెప్పాను. ఇసకదిబ్బ, పడవ, రుమాలు, అంతా. చెబుతున్నకొద్దీ అది ఎంత నమ్మశక్యంగా లేదో నాకే అర్థమయింది. ఆయన ఓపికగా విన్నారు.

“మీ రిపోర్టులో కన్ను అని ఉంది.”

“తప్పు రాశాను సార్.”

“ఏ వాక్యం?”

“అయిదూ సార్.”

“అదే కాగితం మీద పెడతారా?”

జీపు బానెట్టు మీద పెట్టి రాశాను. ఆపరేటరు దూరంగా క్రేను పక్కన నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. మేనేజరుగారు రెండుసార్లు చదివారు. “మీ ప్రొబేషను ఇంకా అవలేదు కదూ?” అన్నారు. అవలేదన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. “సరే. పని చూస్తాను. ఒక్క సొట్ట పడినా మీ ఇద్దరి సంగతీ కలిపే రాస్తాను.”

ఆపరేటరు కేబిన్ ఎక్కాడు. ఇంజిను అందుకుంది. పీత గుట్టలోంచి నిండా రాయి పట్టి లేచింది. నేను మంచెకేసే చూస్తున్నాను. తువ్వాలు లేవలేదు. కలాసీ చెయ్యి సగంలో ఆగిపోయింది. ఆయన నా తల మీదుగా ఎక్కడికో చూస్తున్నాడు. తిరిగి చూశాను.

మేనేజరుగారు బాగా కనపడాలని రాతిగుట్ట ఎక్కేశారు. మంచె కంటే ఎత్తు. ఎండగా ఉంది. టోపీ తీసి విసురుకుంటున్నారు.

పీత డబ్బా వైపు వెళ్ళడం మాని, ఎడమకి తిరిగింది. ఇంకాస్త ఎడమకి. అక్కడ జీపు ఉంది.

మేనేజరుగారు అది చూసి బిగుసుకుపోయారు, టోపీ గాలిలోనే. పీత కూడా జీపు నెత్తిన బిగుసుకుపోయింది. ఆయన కంగారుగా టోపీని కొద్దిగా దించారు. పీత కొద్దిగా దిగింది.

“సార్!” అని అరిచాను. “టోపీ కదపకండి!”

ఆయన కదపలేదు. ఆ సైడింగులో ఒక అసిస్టెంటు ఇంజినీరు మాట ఆయన అంత వెంటనే వినడం నేను చూసింది అప్పుడే.

“ఇప్పుడు?” అన్నారు, పెదవులు మాత్రమే కదిలిస్తూ.

“అలాగే పట్టుకుని మెల్లగా గుట్ట దిగండి సార్.”

ఆయన టోపీని దేవుడి గొడుగులా ఎత్తిపట్టుకుని, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ దిగారు. రాయి జారుతోంది, బూటు జారుతోంది, టోపీ మాత్రం కదలడం లేదు. మేస్త్రీ నా పక్కన ఏదో దగ్గు ఆపుకుంటున్నాడు. టోపీ మంచె కంటే కిందికి వచ్చిందో లేదో, పైన ఎర్ర తువ్వాలు లేచింది. ఎంత హాయిగా లేచిందో! కుడికి ఊగింది. పీత జీపుని వదిలేసి, ఏమీ జరగనట్టు కుడికి తిరిగి, డబ్బా మీదకి వచ్చి, మూలకి దిగి, గోడకి గీత పడకుండా పోసింది. మళ్ళీ గుట్టకి. మళ్ళీ డబ్బాకి. డబ్బా నిండేదాకా ఒక్క తడబాటు లేదు.

మేనేజరుగారు టోపీ పెట్టుకుని డబ్బా గోడలు చుట్టూ తిరిగి చూశారు. కళ్ళెదురుగా జరిగినదాని మీద ఆయనకి రెండు రోజులు కావాలి కదా. ఆ రోజు మాత్రం పదినిమిషాలు చాలాయి.

“కన్ను బాగానే ఉంది” అన్నారు చివరికి. జేబులోంచి నా కాగితం తీసి, అడుగున ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టారు. కొత్త ఆపరేటరు అక్కర్లేదని నాతో అన్నారు. నా ప్రొబేషను గురించి ఏమీ అనలేదు. జీపుని చాలా దూరంగా పెట్టించుకుని, నడిచి వెళ్ళి ఎక్కారు.

నేను క్రేను ఎక్కాను. అయిదో చిల్లులో ఉన్న కేబిన్ గుమ్మం పట్టుకుని వేలాడుతూ, ఇంజిను హోరులో, ఎక్కుతూ కూర్చుకున్న మాటలు చెప్పడం మొదలుపెట్టాను. ఉద్యోగం ఉందని, రిపోర్టు వెనక్కి తీసుకున్నానని, నేను చేసింది చాలా తప్పని. ఆపరేటరు మీటల మీద చేతులు పెట్టుకుని, మెడ అటూ ఇటూ చాపుతూ నన్ను దాటి ఎక్కడో చూస్తున్నాడు.

“తరవాత సెబుదురు గాని బాబూ” అన్నాడు. “కాస్త తప్పుకోండి. బావ కనపట్టం నేదు.”